నేను గీకేసిన ఎర్ర చుక్క

చెప్పిన మాటను చెప్పలేదన్నాను. దాంతో ఒక నర్సు ఉద్యోగం పోయింది. అంతకు ముందే, నేను చెప్పిన ఆ మాట వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. "పోయి ఉండవచ్చు" అని రాసుకుంటే నాకు కాస్త తేలికగా ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆ తేలిక నాకు అక్కర్లేదు.

ఆస్పత్రుల్లో యంత్రాలు చూసుకునే కుర్రవాళ్లు, అమ్మాయిలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు డిప్లొమాలున్నాయి, కంపెనీ వాళ్లిచ్చే శిక్షణలున్నాయి. నాకున్నది ఎనిమిదో తరగతి. చల్లపల్లిలో బడి మానేసి బెజవాడ వచ్చి, గవర్నరుపేటలో ఒక రేడియో రిపేరు షాపులో ఏడేళ్లు సోల్డరింగు పొగ పీల్చాను. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఒక్కో పేజీకి వారం పట్టేది. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తెలిసినదాని మీద గర్వం, తెలియనిది అడగడానికి సిగ్గు. ఆ రెండూ నాకు నిండుగా ఉండేవి.

డెబ్బైల మొదట్లో బెజవాడలోనే ఒక మిషన్ ఆస్పత్రిలో ఎలక్ట్రీషియనుగా చేరాను. ఫ్యాన్లు, బోరు మోటారు, ఎక్స్‌రే గది ఫ్యూజులు అన్నీ నేనే చూసేవాణ్ణి. రెండు మూడేళ్లకు, విదేశంలో ఏదో చర్చి వాళ్లు దానంగా పంపిన చెక్కపెట్టె ఒకటి ఓడలో మద్రాసు దాకా, అక్కణ్ణించి లారీలో మా దాకా వచ్చింది. ప్రార్థన చేసి మేకులు ఊడదీశారు. లోపల గుండెకి షాకు ఇచ్చే మిషను, డీఫిబ్రిలేటర్. ముందువైపు చిన్న తెర, ఛార్జి ఎంత ఎక్కిందో చూపించే ముల్లు, పిడులున్న రెండు లోహపు బిళ్లలు. ఆ బిళ్లల్ని రోగి ఛాతీ మీద అదిమి బొత్తాలు నొక్కితే, లోపల నిలవ చేసిన కరెంటంతా ఒక్క క్షణంలో గుండె గుండా పోతుంది.

దాంతోపాటు వచ్చిన పుస్తకం సూపరింటెండెంటుగారి బీరువాలోకి వెళ్లింది. ఒకసారి చూసి ఇస్తానని అడిగాను.

"నీకర్థం కాదయ్యా. నువ్వు ఫ్యూజులు చూసుకో, చాలు," అన్నారాయన.

ఆయన చెడ్డ మనిషి కాదు. పేదవాళ్లకి ఉచితంగా వైద్యం చేసిన చేతులవి. కానీ ఆ మాట నాకు ఇవాళ్టికీ మండుతుంది. ఎంత మండిందంటే, రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవారేమో.

పుస్తకం లేకపోతే నా పద్ధతి నాకుంది కదా. ఒక చెక్కపెట్టెలో పెద్ద బల్బులు బిగించి, వాటికి రెండు రాగిరేకులు తగిలించాను. ప్రతి సోమవారం మిషనుకి ఛార్జి ఎక్కించి, బిళ్లల్ని ఆ రేకుల మీద పెట్టి నొక్కేవాణ్ణి. బల్బులు భగ్గున వెలిగి ఆరిపోయేవి. మిషను బాగుందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టేవాణ్ణి. నర్సులు చూడ్డానికి వచ్చేవారు. దీపావళి సోమవారం అనేవారు దాన్ని.

అసలు కథ తాళం దగ్గర మొదలైంది. మా ఆస్పత్రిలో తాళం లేని వస్తువు లేదు. ఫినాయిలు తాళంలో ఉండేది, దూది తాళంలో ఉండేది, దుప్పట్లు తాళంలో ఉండేవి. మేట్రనమ్మ నడిచి వస్తుంటే మనిషికంటే ముందు తాళాల గుత్తి చప్పుడు వినపడేది. అలాంటి చోట ఒకనాడు ఎవరో ఛార్జి ఎక్కించి వదిలేసిన మిషనుని ఆయా ఒకావిడ తడిగుడ్డతో తుడిచింది. బొత్తాలు నొక్కుకుపోయాయి. చటుక్కున నిప్పురవ్వ. ఆమెకేమీ కాలేదు గానీ, నేలమీద కూలబడి మళ్లీ ఆ గదిలోకి రానంది.

మర్నాడు మేట్రనమ్మ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, దూదికి తాళం ఉంది. మనిషిని చంపే ఈ పెట్టెకి తాళం లేదా?"

"చూస్తానమ్మా."

"చూస్తానంటే కుదరదు. సాయంత్రానికి చెప్పాలి."

చూశాను. ముందువైపు ఒక మూలన చిన్న స్విచ్చి ఉంది. ఒక వైపు పెడితే బల్బులు వెలుగుతున్నాయి. రెండో వైపు పెట్టి నొక్కితే ఎంతసేపు నొక్కినా ఏమీ లేదు. ముల్లు మాత్రం ఛార్జి ఉన్నట్టే చూపిస్తోంది. ఆ వైపు ఇంగ్లీషులో పొట్టిగా నాలుగు అక్షరాలున్నాయి. నా డిక్షనరీలో ఆ మాట లేదు. అయినా అక్షరాలతో నాకేం పని? కళ్లముందు కనిపిస్తూనే ఉంది. అటు పెడితే పేలదు. అంటే అదే తాళం.

ఆ సాయంత్రం నేను నడిచిన నడక మీరు చూడవలసింది. అంబులెన్సు మీద ఎర్రశిలువ దిద్దగా మిగిలిన పెయింటు తెచ్చి, తాళం అనుకున్న వైపు కందిగింజంత చుక్క పెట్టాను. చుక్క ఆ నాలుగు అక్షరాల మీద పడింది. పడితే పడింది అనుకున్నాను.

వార్డు నర్సులు ముగ్గుర్ని నిలబెట్టి పాఠం చెప్పాను.

"వాడటం అయిపోగానే ఎర్రచుక్క వైపు పెట్టెయ్యండి. అవసరం వచ్చినప్పుడు ఇటు తిప్పి వాడండి. అంతే."

వాళ్లలో చిన్నామెకి ఇరవై నాలుగేళ్లుంటాయి. గుడివాడ దగ్గర పల్లె. నాన్న చెరుకు కొట్టే కూలి. ఇంట్లో నలుగురి తిండి ఈమె ఉద్యోగం మీదే. అర్థం కానిదాన్ని ఒకటికి రెండుసార్లు అడిగే రకం.

"మెకానిక్ గారూ, కంగారులో తిప్పడం మర్చిపోతే?"

"మర్చిపోతే అది మిషను తప్పు కాదు కదమ్మా."

మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మేట్రనమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "శభాష్, ఇప్పుడు నాకు నిద్రపడుతుంది," అని వెళ్లిపోయింది.

నాలుగు నెలలు మిషనుతో ఎవరికీ పని పడలేదు. నా సోమవారాలు మాత్రం నడిచాయి. స్విచ్చి ఇటు తిప్పడం, బల్బులు వెలిగించడం, మళ్లీ డ్యూటీలో ఉన్న నర్సు చేత ఎర్రచుక్క వైపు పెట్టించి తాళం పడిందని తృప్తిపడటం.

తరవాత మంగళగిరి నుంచి ఆయన వచ్చాడు. నూలుకి రంగులద్దే పని. నలభై అయిదేళ్ల మనిషి, ఛాతీనొప్పితో చేరాడు. ఆయన మంచం పైన ఫ్యాను రెగ్యులేటరు బాగుచేయడానికి స్టూలెక్కాను. పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. చేతులు మణికట్ల దాకా నీలం రంగు. కడిగినా పోని నీలం.

"ఏవండీ, ఆ మూల పెట్టె రేడియోనా?" అన్నాడాయన. "పాటలేమన్నా వస్తయ్యా?"

"రేడియో కాదు బాబాయిగారూ. ఆగిపోయిన గుండెని ఒక్క దెబ్బతో లేపుతుంది."

"ఎవరి గుండెనైనానా?"

"ఎవరిదైనా. నేనే చూసుకుంటాను దాన్ని. ప్రతి సోమవారం పరీక్ష చేస్తాను."

ఆయన భార్యవైపు తిరిగాడు. "విన్నావటే? మనకి పెట్టె ఉందంట. ఇంక నువ్వు ఆ ముక్కు చీదటం ఆపు."

"ఆయనకి అన్నీ ఎగతాళేనండీ," అంది ఆమె నాతో. "నిన్న బస్సులో కూడా ఇట్టాగే. కండక్టరుతో, నాకు హాఫ్ టిక్కెట్టు ఇవ్వవయ్యా, సగం ప్రాణమే ఉంది అంటాడు."

నేను నవ్వుతూ స్టూలు దిగాను. ఆమె ఆ పెట్టెవైపు ఒకసారి చూసి, నీలం చేతులు జోడించి నాకు దణ్ణం పెట్టింది. పెట్టించుకున్నాను.

మర్నాడు పదిన్నర వేళ బోరు షెడ్డులో ఉన్నాను. వార్డు అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

"మిషను పేలటం లేదంట, రమ్మంటన్నారు."

నేను వెళ్లేసరికి ఆ చిన్న నర్సు స్టూలు మీద మోకాళ్లపై నిలబడి రెండు చేతులతో ఆయన ఛాతీని అదుముతోంది. తలమీది టోపీ కింద పడి ఉంది. డ్యూటీ డాక్టరు మా దగ్గర చేరి రెండు నెలలు కాలేదు. బిళ్లలు పట్టుకుని నొక్కుతున్నాడు. ముల్లు ఛార్జి చూపిస్తోంది. తెరమీద గీత వణుకుతోంది. మంచంమీది మనిషిలో కదలిక లేదు.

నేను స్విచ్చి చూశాను. ఎర్రచుక్క వైపు ఉంది. తిప్పాను.

"ఇప్పుడు నొక్కండి సార్."

మనిషి ఎగిరిపడ్డాడు. తెరమీద వణుకు పోయింది. గీత తిన్నగా అయింది, తిన్నగానే ఉండిపోయింది. మళ్లీ ఛాతీ అదిమారు, ఇంజక్షన్లిచ్చారు. గీతలో మార్పు లేదు. కాసేపటికి డాక్టరు గడియారం చూసుకుని, "చాలు సిస్టర్," అన్నాడు. ఆమె ఆపలేదు. ఆయనే ఆమె భుజం పట్టుకుని దింపవలసి వచ్చింది.

నన్ను పిలవడానికి మనిషి వచ్చి, నేను వెళ్లేలోపల ఎన్ని నిమిషాలు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ నిమిషాల్లోనే అంతా ఉంది.

వరండాలో ఆయన భార్య అడిగింది నన్నే. డాక్టరుని అడగలేదు, నర్సుని అడగలేదు.

"పెట్టె పనిచేయలేదాండీ?"

"టైము వచ్చేసిందమ్మా," అన్నాను.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్లాక, మిషను పరీక్ష చేసే పేరుతో ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. జేబులో సగం బ్లేడు ఉంది. ఎర్రచుక్కని గీకాను. పెయింటు రేకులు రేకులుగా లేచింది. దాంతోపాటు కింది నాలుగు అక్షరాలూ లేచిపోయాయి. ఆ కుర్ర డాక్టరు ఆ అక్షరాలు చదివి ఉంటే స్విచ్చి తిప్పేవాడని నాకప్పుడు తెలియదు. నా చుక్క వాటిని ముందే కప్పేసిందని, ఇప్పుడు నా బ్లేడు వాటిని ఆనవాలు లేకుండా చేసిందని తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. చుక్క నాది.

మర్నాడు సూపరింటెండెంటుగారి గదిలో విచారణ. ఆయన, మేట్రనమ్మ, కుర్ర డాక్టరు, నర్సు, నేను.

"స్విచ్చి అటు ఎవరు పెట్టారు?"

"నేనేనండి," అంది నర్సు. "వాడనప్పుడు అటే పెట్టమని మెకానిక్ గారు చెప్పారండి. అది తాళమని చెప్పారు. ఎర్రచుక్క కూడా పెట్టారండి."

సూపరింటెండెంటుగారు నావైపు చూశారు. అప్పుడు నాకు పెళ్లయి ఏడాది. షాపు యజమానితో పోట్లాడి వచ్చినవాణ్ణి, తిరిగి వెళ్లే చోటు లేదు. ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ నోట్లోంచి మాట వచ్చిన క్షణంలో ఇవేవీ గుర్తు లేవు. "నీకర్థం కాదయ్యా" అన్న ఆ నోరు, అనుకున్నట్టే అయిందని అంటుందేమోనన్నది ఒక్కటే ఉంది.

"నేను చెప్పలేదండి," అన్నాను.

"ఎర్రచుక్క?"

"చుక్కేమీ లేదండి. చూసుకోండి."

మిషను తెప్పించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇక్కడ గీతలున్నాయే?"

"పెట్టెలో వచ్చినప్పటివేనండి."

నర్సు మేట్రనమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీరు గుమ్మంలో ఉన్నారు కదమ్మా." మేట్రనమ్మ తాళాల గుత్తిని ఒడిలో పెట్టుకుని, చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మిగతా ఇద్దరు నర్సులను పిలవనే లేదు.

నర్సు నావైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి పంతులమ్మ చూసినట్టు, ఎక్కడ తప్పాడా అని వెతుకుతున్నట్టు.

వారంలోపల, మంచి నడవడి సర్టిఫికెట్టు కూడా ఇవ్వకుండా ఆమెను పంపించేశారు. ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టుకుని వెళ్తుంటే బోరు షెడ్డు కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు.

నెల తరవాత మద్రాసు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, అరవం కలిసిన తెలుగు. పది నిమిషాల్లో చెప్పేశాడు. ఏ అక్షరం దాచుకోలేదు. అప్పుడనిపించింది, ఇంత తేలికైన సంగతి చెప్పడానికి ఒక్కడికి కూడా నోరు రాలేదా అని. నాకు అడగడానికి నోరు రాలేదన్నది ఆ తరవాత తట్టింది.

ఆయన చెప్పింది మీకూ చెబుతాను. గుండె కొట్టుకుంటూనే లయ తప్పిన రోగులుంటారు. వాళ్లకి షాకు ఇవ్వాలంటే ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వకూడదు. తాడాటలో తాడు నేలకి తగిలిన అదనుకే పిల్ల గెంతినట్టు, దెబ్బకీ దెబ్బకీ మధ్య సరైన అదనులో పడాలి. తప్పుగా పడితే ఆ షాకే గుండెని పాడుచేస్తుంది. ఆ స్విచ్చి అందుకు. నేను కప్పేసిన నాలుగు అక్షరాలు SYNC, అంటే గుండెదెబ్బతో జత కలపడం. అటు పెడితే మిషను తెరమీది గుండెదెబ్బ కోసం కనిపెట్టుకుని ఉండి, అది వచ్చాకే వదులుతుంది. నా బల్బులకి గుండె లేదు, అందుకే అవి వెలగలేదు. మంగళగిరి ఆయన గుండె ఆగిపోలేదు. లోపలి పోగులన్నీ వేటికి తోచినట్టు అవి వణుకుతున్నాయి. ఆ వణుకులో దెబ్బ అన్నదే ఉండదు. మిషను చెడిపోలేదు. రాని దెబ్బ కోసం, చెప్పినట్టే, ఓపికగా ఎదురుచూసింది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. షాకు ఆగిన గుండెని లేపదు. వణికే గుండెని ఒక్కసారి నిశ్శబ్దం చేస్తుంది. ఆ నిశ్శబ్దంలోంచి గుండె తన లయ తానే అందుకోవాలి. నేను స్టూలు మీద నిలబడి ఆయనకి చెప్పిన గొప్ప కూడా తప్పేనన్నమాట.

ఇంజనీరు వెళ్లిపోయాక సూపరింటెండెంటుగారి గది దాకా వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. వెనక్కి వచ్చేశాను. ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు అక్కడే పనిచేసి రిటైరయ్యాను. శాలువా కప్పారు.

ఇప్పటి పెట్టెల్ని చూస్తుంటాను. ఛాతీకి రెండు అట్టలు అంటిస్తే చాలు, గుండె గీతను అదే చదువుకుంటుంది. వణుకు ఉంటేనే షాకు ఇస్తుంది. గీత తిన్నగా ఉంటే ఎవరెంత నొక్కినా ఇవ్వదు, ఛాతీ అదమమంటుంది. షాకు ఇవ్వకపోతే చెడిపోయిందనుకుని వదిలెయ్యకండి, అదేం చెబుతోందో వినండి. నాలాంటివాడు చుక్కపెట్టే స్విచ్చి దాని మీద లేదు. తయారు చేసినవాళ్లకి నేను దణ్ణం పెడతాను. కానీ మనవాళ్లు ఉన్నారుగా.

రెండేళ్ల క్రితం బెజవాడలోనే ఒక పెద్ద వ్యాపార భవనంలో, లిఫ్టు పక్కన అద్దాల అరలో ఆ పెట్టె కనిపించింది. అద్దాల తలుపుకి ఇత్తడి తాళం.

"తాళం తీసేది ఎవరండీ?" అన్నాను వాచ్‌మన్‌తో.

"మేనేజరు గారండి."

"ఆయనెక్కడున్నారు?"

"గుంటూరెళ్లారండి. సాయంత్రం వస్తారు."

"ఈలోపల ఎవరైనా పడిపోతే?"

"పడకుండా టైల్సు మీద మ్యాట్లు వేశామండి."

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. పెద్దాయనకి బీపీ ఉన్నట్టుంది, ఇంటికి ఫోన్ చెయ్యండి అనుకున్నారు. ఆ కుర్చీలో కూర్చుని తాళం వైపు చూస్తుంటే, అరిచే హక్కు నాకెక్కడిదని అనిపించింది. ఆ తాళం ఆ ఊళ్లో మొదట వేసింది నేను.

ఇంటికి వచ్చి ఆమెకి ఉత్తరం రాశాను. పాత ఆయా కూతురి ద్వారా అడ్రసు దొరికింది. పల్లెటూళ్లలో చిన్న చిన్న ఆస్పత్రుల్లో పనిచేసి, ఇప్పుడు గుడివాడ దగ్గర తన పల్లెలోనే ఉందట. చుక్క, బ్లేడు, గది, అన్నీ రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు. మూడోసారి రాస్తూ, విచారణలో చెప్పవలసిన మాటను కాగితంమీద విడిగా రాసి, సంతకం పెట్టి జతచేశాను. రెండు నెలలకి పోస్టులో ఒక కవరు వచ్చింది. అందులోని ఉత్తరం మొత్తం ఇది:

"మెకానిక్ గారికి వందనములు. మూడు ఉత్తరాలూ అందాయి. మీరు చెప్పారని నాకు తెలుసు. చెప్పలేదన్నారని కూడా ఆ రోజే విన్నాను. కాబట్టి మీ ఉత్తరాల్లో నాకు కొత్త సంగతి బ్లేడు ఒక్కటే. ఎక్కడో ఒకచోట పని దొరికింది, ఇంట్లో నలుగురికీ పెట్టాను, దేవుడు నడిపించాడు. మీ మీద కోపం చాలా ఏళ్లు ఉంది, తరవాత దాన్ని మోసే ఓపిక లేక దించేశాను. నాకు మిగిలింది వేరే. నా చేతులు ఆయన ఛాతీ మీద ఉన్నాయి. స్విచ్చి సంగతి నాకు గుర్తొచ్చిందా, డాక్టరుగారికి నేను చెప్పేదేమిటని ఊరుకున్నానా, అసలు గుర్తే రాలేదా, ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. అది మీ సంతకంతో తేలేది కాదు. మీరు పంపిన కాగితం తిప్పి పంపుతున్నాను. ఆ రోజు పెట్టె పనిచేయలేదా అని వరండాలో ఆవిడ మిమ్మల్ని అడిగింది. తలుపు ఇవతల నిలబడి నేను విన్నాను. మీరు చెప్పిన జవాబు కూడా విన్నాను. ఆవిడ ఉందో లేదో, పిల్లలైనా ఉంటారు. మంగళగిరి మీకు దూరం కాదు. ఈ కాగితం ఇవ్వవలసింది నాకు కాదు."